ఎం కింద జి

మాల్పికా రేవులో, వలల కొట్టు పైగదిలో
దర్యాప్తు కాగితాలు విప్పారు.
ముప్పై ఒకటో పేజీలో
కేకు కోసినట్టు పడవను అడ్డంగా కోసి గీసిన బొమ్మ.
అమారో నిలబడే చోటు అందులో లేదు.
నాలుగు అక్షరాలున్నాయి, అంతే.

"నీకర్థం కాదులే దోసిందా," అన్నాడు సంఘం గుమాస్తా.
ముప్పై ఏళ్లుగా చీకట్లో కూడా
తెగిన పోగు ఏ కన్నుదో తడిమి చెప్పేదాన్ని,
నాలుగు అక్షరాలకు జడుస్తానా?

కొరూన్యా నుంచి ఉషియా వచ్చింది,
ఓడలు గీసే పిల్ల, గోళ్ల కింద పెన్సిల్ మసి.
కె అంటే అడుగు దూలం, కొలతలన్నీ అక్కణ్ణుంచే.
బి అంటే నీళ్లు పైకి తోసే చోటు.
"నీళ్లు తోస్తాయా?"
"బకెట్ బోర్లించి నీళ్లలోకి ఎప్పుడూ తొక్కలేదా?"
తొక్కాను. చెయ్యి బెణికింది కూడా.

జి ఒక గుండ్రం. నాలుగు ముక్కల్లో రెండు నలుపు, ఎదురెదురుగా.
డీజిలు, ఐసు, చేప, అమారో బూట్లు,
నేను మూటగట్టిన రొట్టె,
పడవ బరువంతా వచ్చి ఆ చుక్కలో కూర్చుంటుందట.

"మరి ఎం?"
కాసేపు ఆగింది.
"అది పడవలో ఎక్కడా ఉండదు. తాకలేం.
పడవ ఒరిగితే బి పక్కకి జరుగుతుంది.
అక్కణ్ణుంచి నిట్టనిలువుగా గీత లాగితే
పడవ నడిగీతకి తగిలే చోటు.
అక్కడ దారం కట్టి పడవని వేలాడదీశారనుకో.
జి దాని కింద ఉన్నంతసేపూ ఉయ్యాల.
పైకి పోతే..."
పెన్సిల్‌ని అరచేతిలో నిలబెట్టి
వేళ్లు వదిలింది.

ఈ లెక్క నాకు తెలుసు.
పన్నెండేళ్లప్పుడు సార్డిన్ల బుట్ట నెత్తిన పెట్టుకుని
తొమ్మిది కిలోమీటర్లు నడిచేదాన్ని.
బుట్ట మీద బుట్ట ఎక్కిస్తే
ముందు మెడ చెబుతుంది, తర్వాతే కాళ్లు.
మా అమ్మ దానికి గుండ్రం గీయలేదు.
ఆశ అనేది.

తర్వాతి పేజీలో కొండ.
సున్నా దగ్గర లేచి, వంగి, మళ్లీ సున్నాలో దిగింది.
అడుగున గుండ్రానికి పుల్ల గుచ్చిన గుర్తు: ఎంత ఒరిగిందో.
ఎత్తు పేరు జి జెడ్:
తిరిగి లేవడానికి పడవ ఆనుకునే మోచెయ్యి.
పెద్ద కొండ, రేవు వదిలిన ఉదయానిది.
దాని కింద చీమల పుట్టంత ఇంకోటి, ఆ రాత్రిది.
పందొమ్మిది డిగ్రీల దగ్గర అయిపోయింది.

ఎందుకంత చిన్నదని అడిగాను.
కింద చోటు లేక డెక్కు మీద పేర్చిన పెట్టెలు.
సగం ఖాళీ అయిన ట్యాంకు.
నిండు కుండ తొణకదు గానీ సగం కుండ,
పడవ ఎటు ఒరిగితే అటే ఉరుకుతుంది,
ఓదార్చ వచ్చి మన ఒళ్లోనే పడి ఏడ్చే చుట్టంలా.
ఇంకా, తడి వల: పదకొండు వందల కిలోలు.

ఆ వలకి ఆగస్టులో
నలభై బారలు కలిపి కుట్టిచ్చింది నేనే.
అమారోనే అడిగాడు.
దర్యాప్తులో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

"ఆ నలభై బారలు లేకపోతే జి ఎక్కడుండేది?"
"కాస్త కిందకి."
"చాలేదా?"
"చాలేది కాదు," అంది ఉషియా.
పెన్సిల్ కాగితాన్ని తాకకముందే అంది.
నేను దాని చేతినే చూస్తున్నాను.

ఇప్పుడు నా చేతిలోంచి వెళ్లే ప్రతి వలనీ
ఉప్పునీళ్లలో నానబెట్టి తూస్తాను.
పొడి బరువు ఎవడిక్కావాలి?
అట్టముక్క మీద అంకె రాసి,
పక్కన సగం నల్లని గుండ్రం, పైకి ఒక బాణం గీసి కడతాను.
కుర్ర సరంగులు నవ్వుతారు, ఇదేం తాయెత్తు అని.

నిన్న ఒకడు నవ్వలేదు.
అట్ట చదివి, డెక్కు మీంచి రెండు పెట్టెలు దింపించాడు.
ఎక్కువేం కాదు.
రెండు.